ఒకటో నంబరు అచ్చు

ఆ వేసవిలో మొదటి తొమ్మిది రోజులూ ఒక్క ఆర్డరు కూడా రాకపోవడాన్ని మేము ఎండలకు అంటగట్టాం. అది మొదటి తప్పు. రెండు సంగతులు ఒకే కాలంలో జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని ముప్పై ఒక్క సంవత్సరాలు కళాశాలలో తర్కశాస్త్రం చెప్పిన నేనే, ఎండ ఎక్కువగా ఉంది కాబట్టి జనం బూట్ల మాట మరిచిపోయారని నమ్మాను. నమ్మడానికి శ్రమ అక్కరలేదు. ఆ రోజుల్లో శ్రమ అక్కరలేని పనులే నాకు సాగుతుండేవి.

మా ఇంటి కింది భాగంలోని వర్క్‌షాపులో తయారయ్యేవి మామూలు బూట్లు కావు. పుట్టుకతోనో, జబ్బుతోనో, ప్రమాదంలోనో రెండు పాదాలు రెండు రకాలుగా మారినవారి కోసం నా భర్త బూట్లు కుట్టేవారు. ఒక్కొక్కరి కొలతకు, పాదాల ఆకారంలో ఒక జత కర్ర అచ్చులు చెక్కి, వాటికి నంబరు వేసి, గోడ మేకులకు తగిలించేవారు. మనిషి ఒక్కసారి వచ్చి కాళ్ళు చూపిస్తే చాలు. ఆ తరువాత రానక్కరలేదు. మా సైటులోకి వెళ్ళి తన నంబరు కొట్టి, 'మళ్ళీ అదే కొలత' అన్న గడిని నొక్కితే ఇక్కడ ఆ అచ్చు గోడ దిగేది. గోడ మీద రెండు వందల పదహారు జతలు ఉండేవి. ఆ సైటు తప్ప మాకు మరో వాకిలి లేదు. వీధిలో బోర్డు కూడా లేదు. "కుంటివాళ్ళ బూట్లు అని బోర్డు పెడితే, కుంటుతూ లోపలికి ఎవడొస్తాడోయ్?" అనేవారు ఆయన.

ఆయన అంతకుముందు చలికాలంలో పోయారు. పని మా అమ్మాయి చేతికి వచ్చింది. ఆరేళ్ళ క్రితం ఒక బూట్ల ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం మానుకుని, తండ్రి చూపు మందగించిందని వచ్చి బల్ల దగ్గర కూర్చున్న మనిషి అది. ఆయన పోయాక ఫ్యాక్టరీవాళ్ళు మళ్ళీ కబురు చేశారు. వానలు మొదలయ్యేలోపు ఏ సంగతీ చెప్పమన్నారు. ఆర్డర్లు వస్తుంటే అమ్మాయి ఉంటుంది, వర్క్‌షాపు ఉంటుంది. రాకపోతే రెండూ ఉండవు. ఆ వేసవిలో తేలవలసింది అదే.

పదో రోజు పొద్దున సూదిబాబాయి గుమ్మంలోనే నిలబడిపోయాడు. నలభై ఏళ్ళుగా మా దగ్గర కుట్టుపని చేస్తున్నవాడు. నా భర్తను అన్నయ్య అనేవాడు కాబట్టి నేను వదినను. అమ్మాయి పెట్టిన పేరు కాబట్టి నాకు కూడా అతను సూదిబాబాయే.

"వదినగారూ, మన కొట్టు లేదంట."

"లేకపోవడమేమిటి? నువ్వు నిలబడింది ఎక్కడ?"

"నేను నిలబడింది గడప మీద. లేనిది ఫోన్లో. నూట నలభై రెండో నంబరాయన బస్టాండులో కనబడి గల్లా పట్టుకున్నంత పని చేశాడు. మూడు రోజులుగా కొడుతున్నాడంట, ఈ పేరుతో ఏమీ లేదని వస్తోందంట. మూసేస్తే మూసేశామని చెప్పాలిగదా, చావుకబురు చల్లగా చెప్తారా అన్నాడు." ఆ మాట నా ముందు అనకూడదని ఆలస్యంగా తోచి నాలిక కరుచుకున్నాడు.

నాకేమీ అనిపించలేదు. ఫోను తెరిచి చూశాను. నిజమే, ఏమీ లేదు.

అమ్మాయి గాజు పెంకుతో ఒక సోలు అంచు గీకుతోంది. "చూద్దాంలే అమ్మా," అంది తలెత్తకుండా.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అతను నా పాత విద్యార్థి. ఏ యంత్రం విప్పినా దాని పుట్టుపూర్వోత్తరాలు పాఠంలా చెబుతాడని అందరూ కంప్యూటరు పంతులు అంటారు. యాభై దాటినవాడు. కబురు పంపితే మధ్యాహ్నానికి సంచీతో వచ్చి, ఫ్యాను కింద కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడమ్‌, మీరు నాకు తర్కంలో ముప్పై అయిదు వేశారు. గుర్తుందా?"

"ముప్పై నాలుగు వచ్చింది. ఒకటి కలిపాను."

"అయితే ఇవాళ ఆ ఒక్క మార్కూ తీర్చేసుకుంటా," అని నవ్వాడు. నవ్వవలసిన చోటు అది అని నాకు తెలిసింది, నవ్వాను.

అతని పద్ధతి నాకు నచ్చింది. తోచిన మీట నొక్కకుండా ఒక్కొక్క అనుమానాన్నే పక్కకు తీసి పెట్టాడు. మా ఇంట్లో నెట్టు ఉందా? ఉంది, మిగతా సైట్లు తెరుచుకుంటున్నాయి. మాకు మాత్రమే కనిపించడం లేదా? కాదు, అతని ఫోనులోనూ లేదు, నూట నలభై రెండో నంబరాయనకూ లేదు. సైటును దాచి ఉంచిన యంత్రం, అది ఎక్కడో మరో ఊళ్ళో అద్దెకు తీసుకున్నది, పాడైపోయిందా? పేరు బదులు ఆ యంత్రపు అంకెలు నేరుగా కొట్టి చూశాడు. తెర మీదికి మా సైటు వచ్చేసింది. పాదం కింద కాగితం పెట్టి గీత ఎలా గీయాలో చూపే బొమ్మ, ఆయన చేతి ఫోటో, నంబరు అడిగే గడి, ఏవీ చెక్కుచెదరలేదు.

"చూశారా మేడమ్‌. ఇల్లు ఇల్లులాగే ఉంది. ఇంటికి దారి చెప్పేవాడు లేడు. పేరు పిలిస్తే పలకడం లేదు."

"పేరు ఎవరి దగ్గర ఉంటుంది?"

"పేర్లు రాసుకునే కంపెనీ దగ్గర. దాని సంగతి రేపు చూద్దాం. ముందు లోపల పని జరుగుతోందో లేదో తేలాలి. ఒక ఆర్డరు పెట్టండి, ఊరికే, పరీక్షకు."

నేను ఒకటి అని కొట్టాను. నాకు కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. నా ఎడమ కాలు కుడిదానికంటే అంగుళంన్నర పొట్టి. ఆయన చెక్కిన మొదటి జత అచ్చులు నావి. మా పెళ్ళికి రెండేళ్ళ ముందు చెక్కారు. 'మళ్ళీ అదే కొలత' నొక్కాను.

"తీసుకుంది," అన్నాడు పంతులు. "కానీ వర్క్‌షాపుకి కబురు వెళ్ళదు, ఆ కబురు కూడా పేరు మీదే పోవాలి కదా. వరుసలో కూర్చుని ఉంటుంది. దారి దొరికిన రోజున దానంతట అదే బయలుదేరుతుంది."

ఆ తరువాత నేను ఆ ఆర్డరు సంగతి మరిచిపోయాను.

పేర్ల కంపెనీకి ఫోను చేస్తే ఒక అమ్మాయి గొంతు ఎంతో మర్యాదగా నాలుగు సార్లు వేచి ఉండమంది. అయిదోసారి విషయం చెప్పింది. ప్రతి ఏటా పేరు సొంతదారుకు వివరాలు సరిచూసుకోమని ఒక మెయిలు పంపుతారట. ఆ ఏడాది పంపిన మెయిలు, అలాంటి చిరునామా లేదని వెనక్కి వచ్చిందట. సొంతదారు ఉన్నాడో లేడో తెలియనప్పుడు పదిహేను రోజులు చూసి పేరును ఆపేయడం నియమమట.

"చిరునామా లేదనా? మెయిలు పెట్టెలో ఖాళీ లేదనా?"

"లేదనండి. ఎవరో మూసేశారండి."

ఫోను పెట్టేసి నా బీరువాలోంచి నల్ల అట్ట పుస్తకం తీశాను. ఆయన పోయిన మూడో రోజున అందులో ఒక జాబితా రాశాను. ఆయన పేరు మీద ఉన్నవి, ముగించవలసినవి, మొత్తం పద్దెనిమిది. లైబ్రరీ కార్డు, కళ్ళద్దాల కొట్టులో తయారై ఉన్న అద్దాలు, ఆసుపత్రి ఫైలు, డ్రైవింగు లైసెన్సు. ఇంటికి వచ్చినవాళ్ళు నా ఎదుట కూర్చుని ఏడ్చి వెళుతుంటే నేను ఒక్కొక్కటీ ముగించి, పక్కన టిక్కు పెట్టి, తేదీ వేశాను. "గుండె రాయి చేసుకుంది," అన్నారు. రాయి చేసుకోవడానికి కూడా కొంత పని ఉంటుంది. నేను ఆ పని చేసినట్టు నాకు గుర్తు లేదు.

పదకొండు: మెయిలు. మూసివేత. టిక్కు.

పన్నెండు: ఫోను నంబరు. వాపసు. టిక్కు.

ఒక తెల్ల కాగితం మీద కింది నుంచి పైకి రాసుకున్నాను. ఆర్డర్లు లేవు, ఎందుకంటే సైటు కనిపించదు. సైటు కనిపించదు, ఎందుకంటే పేరు ఆగింది. పేరు ఆగింది, ఎందుకంటే మెయిలు వెనక్కి వచ్చింది. మెయిలు వెనక్కి వచ్చింది, ఎందుకంటే దాన్ని నేను మూశాను. రాసినదాన్ని మళ్ళీ చదివి, ఎక్కడా మెట్టు తప్పలేదని చూసుకున్నాను. వేరే ఇంట్లో అయితే ఇది జరిగేది కాదు. చనిపోయినవారి మెయిలు అలాగే పడి ఉండేది, కొన్నాళ్ళకు ఎవరో ఒకరు చూసేవారు. మా ఇంట్లో నేను ఉన్నాను.

మర్నాడు టీ వేళకు కాగితం పట్టుకుని కిందికి దిగాను. అమ్మాయి తోలుకు బెజ్జాలు వేసే ఆరెకు మైనం రుద్దుతోంది. సూదిబాబాయి బయట అరుగు మీద ఉన్నాడు. పని లేని చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అరుగును మూడోసారి తుడుస్తున్నాడు.

"కారణం దొరికింది," అన్నాను. "నేనే. మెయిలు మూసేశాను, దాని మీదే సైటు పేరు ఉంది."

కాగితం బల్ల మీద పెట్టాను. అమ్మాయి దాని వంక చూడలేదు.

"నాకు తెలుసమ్మా."

"ఎప్పటినుంచి?"

"నువ్వు మూసే రోజున నీ పక్కనే ఉన్నానుగా. టీ తెచ్చి పెట్టాను. తెర మీద అడిగింది కూడా, నిజంగా మూసేయాలా అని. నువ్వు అవును అన్నావు."

"సైటు దాని మీద ఉందని నీకు తెలుసా?"

"ఊఁ."

"మరి ఎందుకు ఆపలేదు?"

అమ్మాయి ఆరెను గుడ్డతో తుడిచి, తండ్రి ఎప్పుడూ పెట్టే గంటులో పెట్టింది.

"ఇది నాకు వద్దని నాన్నతో ఆరేళ్ళు చెప్పలేకపోయానమ్మా. నీతో ఎలా చెప్పాలో తెలియలేదు. దానంతట అదే పోతే చెప్పక్కరలేదు కదా అనుకున్నా." మైనం ముక్కను పక్కకు జరిపి, "నాకు చేతకాక కాదు. బాగానే చేస్తాను. అదే గొడవ," అంది.

"ఈ టీలో పంచదార వేశావా?" అని, బల్ల మీది గ్లాసు అందుకుంటూ అడిగాను.

"వేశాను."

తాగాను. చేసిన పనే కాదు, ఆపగలిగి ఆపకపోవడం కూడా కారణమేనని ప్రతి ఏటా రెండో నెలలో ఒక పాఠం చెప్పేదాన్ని. ఆ పాఠంలో ఉదాహరణ కాలువ గట్టు మీది కాపలాదారుది. నా కాగితం మీద ఒక మెట్టు తక్కువైందన్నమాట. పెన్సిలు బల్ల మీదే ఉంది, తీసుకోలేదు.

బయటినుంచి సూదిబాబాయి కేకేశాడు. "తల్లీకూతుళ్ళు గుసగుసలాడుకుంటున్నారు, నన్ను పనిలోంచి తీసేస్తున్నారా ఏంటి?"

"తీసేయడానికి పనేదీ బాబాయ్‌?" అంది అమ్మాయి. ఇద్దరూ నవ్వారు.

ఆ వారమంతా మేము మామూలుగానే భోజనాలు చేశాం. ఫ్యాక్టరీకి అవునని రాసేయమని నేనే అన్నాను. రాసేసింది. అయితే ఒక సంగతి మిగిలింది. దాన్ని తేల్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఈ గోడ మీద ఉన్నవి రెండు వందల పదహారు మంది కాళ్ళు. వాళ్ళలో ఎవరికీ మేము మూసేస్తున్నామని తెలియదు. అచ్చు తన చేతిలో ఉంటే మనిషి దాన్ని తన ఊళ్ళో ఏ మోచీకైనా ఇచ్చి కుట్టించుకోగలడు, లేకపోతే మొదటినుంచీ కొలతలు, తప్పులు, పుండ్లు. వాళ్ళ చిరునామాలు కావాలన్నా, మాట చెప్పాలన్నా సైటు లేవాలి.

"మూసెయ్యాలంటే ముందు తెరవాలి," అన్నాను.

"నువ్వు తెరువు," అంది అమ్మాయి. "ఈసారి నేను పక్కన కూర్చుంటా."

పేర్ల కంపెనీ నియమం ఏమిటంటే, మెయిలు లేకపోతే సొంతదారు ఫోనుకు ఆరు అంకెలు పంపుతారు, అవి చెబితే పేరు మళ్ళీ నడుస్తుంది. లేదంటే మరణ ధ్రువపత్రం పంపి మూడు నెలలు చూడాలి. ఫోను నంబరు నా జాబితాలో పన్నెండోది. కంప్యూటరు పంతులు తల గోక్కున్నాడు.

"వాపసు చేసిన నంబర్లు వాళ్ళు ఊరికే ఉంచరు మేడమ్‌. ఈపాటికి ఎవరికో ఇచ్చేసుంటారు. చేసి చూడండి, పోయేదేముంది?"

ఇన్నేళ్ళూ నేను ఆయనకు చేసిన ఆ నంబరుకే చేశాను. రెండు మోతలకే ఎత్తారు. వెనక ఆవిరి కక్కుతున్న చప్పుడు.

"చెప్పండి, ఎడమా కుడా?" అంది ఒక ఆడగొంతు.

"ఏమిటండీ?"

"ఏ కాలండీ? రాసుకోవడానికి కాగితం తెచ్చుకుంటా ఉండండి."

లాండ్రీ నడిపే ఆవిడట. చలికాలం చివర కొత్త నంబరు తీసుకుందట. అప్పటినుంచి వారానికి ఇద్దరు ముగ్గురు చేస్తున్నారట. పాత పెట్టెల మీద అచ్చయి ఉన్న నంబరు చూసి.

"మొదట్లో రాంగ్‌ నంబరని పెట్టేశానమ్మా. తర్వాత ఒకాయన, తల్లీ నా కూతురికి కాలు పెరిగింది, ఎక్కడ చెప్పుకోవాలో తెలియట్లేదు అన్నాడు. నాకు మాత్రం ఏం తెలుసు? సరే చెప్పు నాయనా, రాసుకుంటా, వాళ్ళెవరో దొరికినప్పుడు ఇస్తా అన్నా. అప్పణ్ణించి రాస్తానే ఉన్నా. మా ఆయన నవ్వుతాడు, బట్టలు పోయి కాళ్ళు వచ్చాయే నీకు అని. ఇంతకీ మీరు బూట్ల ఆయన ఇంటివాళ్ళేనా? ఆయనేరీ?"

"లేరు."

"అయ్యో. ఎప్పుడు?"

"మీకు నంబరు రావడానికి ముందు."

ఆవిరి చప్పుడు ఆగిపోయింది. "అనుకున్నాలే అమ్మా," అంది. "ఇన్నాళ్ళు ఎవరూ వెతుక్కుంటూ రాలేదంటే."

ఆరు అంకెలు ఆవిడ ఫోనుకు వచ్చాయి. ఒక్కొక్కటే చదివి, నన్ను తిరిగి చెప్పమని సరిచూసుకుంది. నా తరగతిలో అంత జాగ్రత్త ఉన్న విద్యార్థులు తక్కువ. తరువాత తను రాసుకున్న పదిహేడు పేర్లూ, నంబర్లూ, ఎడమాకుడీ చదివి వినిపించింది. అమ్మాయి నా పక్కన కూర్చుని రాసుకుంది.

కంపెనీవాళ్ళ పత్రంలో కొత్త సొంతదారు పేరు అన్న గడి ఉంది. అమ్మాయి వైపు చూశాను.

"నీ పేరు రాయమ్మా," అంది.

రాశాను. నలభై ఏడో రోజు మధ్యాహ్నం సైటు లేచింది. దాని మొదటి పేజీలో ఆయన చేతి ఫోటో కింద ఆరు వాక్యాలు పెట్టాను. ఈ వర్క్‌షాపు ఆగిపోతోంది. మీ అచ్చులు మీవి. చిరునామా పంపండి, పంపిస్తాం. మిగతా మూడు వాక్యాలూ అచ్చును ఎండలో పెట్టకూడదని, నూనె పట్టించకూడదని, తడి తగలనీయకూడదని. చదివి పంతులు, "ఇంత పొడిగానా మేడమ్‌?" అన్నాడు. తడి తగలకూడదని రాశాను కదా అన్నాను. అతను నవ్వవచ్చో లేదో తేల్చుకోలేకపోయాడు.

చిరునామాలు వచ్చాయి. సూదిబాబాయి ఒక్కొక్క జతనూ పాత గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, మైనపు దారంతో కట్టాడు. "ఇన్నాళ్ళూ కాళ్ళకు బూట్లు కుట్టాను, ఇప్పుడు కాళ్ళకే బట్టలు కడుతున్నాను వదినా," అన్నాడు. మేకులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అచ్చులు ఉన్న చోట గోడ రంగు వెలిసిపోలేదు, నలభై ఏళ్ళ నాటి పసుపు అలాగే, పాదాల ఆకారంలో ఉంది. ఆయన పని చేసిన కాలమంతా ఆ రంగు అక్కడ ఉందని నాకు తెలియదు. చూసి, పెట్టెలు లెక్కపెట్టాను. మొదటి వాన పడే నాటికి గోడ మీద ఒక్క జత మిగిలింది. ఒకటో నంబరును ఏ చిరునామాకూ పంపనక్కరలేదు.

అమ్మాయి సోమవారం నుంచి ఫ్యాక్టరీకి వెళ్ళాలి. అంతకుముందు నాలుగు రోజులూ కింద సుత్తి చప్పుడు వినిపించింది. పనిముట్లు సర్దుతోందనుకున్నాను. కారణం అడగలేదు.

ఆదివారం పొద్దున వాన తెరిపిచ్చాక, నేను మెట్లు దిగుతుంటే కింద నుంచి పిలిచింది. "అక్కడే కూర్చో అమ్మా."

చివరి మెట్టు మీద కూర్చున్నాను. అమ్మాయి చేతిలో నల్లబూట్ల జత. ఎడమదాని సోలు అంగుళంన్నర ఎత్తు.

"ఆర్డరు వచ్చింది," అంది. "సైటు లేచిన రోజున వచ్చిన మొదటిది. ఒకటో నంబరు, మళ్ళీ అదే కొలత."

"అది పరీక్ష కోసం పెట్టింది."

"తెలుసు. కాలు పెట్టు."

పెట్టాను. లేసులు తనే ముడి వేసింది. లేచి, గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను. అడుగు సమంగా పడింది. అచ్చు నా ఇరవై మూడో ఏటిది. ఆ తరువాత పాదం ఎక్కడెక్కడ మారిందో ఆయన ప్రతిసారీ అచ్చు మీద తోలు ముక్కలు అతికించి సరిచేసి, పని అయ్యాక ఊడదీసేవారు. ఆ ముక్కలు ఎక్కడ, ఎంత అన్నది ఎక్కడా రాసిపెట్టలేదు. నా పద్దెనిమిది అంశాల జాబితాలో అది లేదు.

"నొప్పి ఉందా?" అడిగింది అమ్మాయి.

లేదని చెప్పబోయాను. ఆయన పోయిన రోజు నుంచి ఎవరు ఏది అడిగినా నేను చెప్పిన జవాబు అదే, అబద్ధం కూడా కాదు. మళ్ళీ నాలుగడుగులు వేశాను.

"చిటికెన వేలి దగ్గర నొక్కుతోంది," అన్నాను.

"ఎక్కడ? చూపించు."

వంగి వేలితో చూపించాను. అమ్మాయి నా ముందు నేల మీద కూర్చుని, జేబులోంచి సుద్దముక్క తీసి, సరిగ్గా అక్కడ గుర్తు పెట్టింది.